ముప్పై రెండు దొంగ ముడులు

"ఆ విమానం సరిహద్దు దాటకూడదు," అన్నాడు చీఫ్. "దానంతటదే కూలినట్టు కనిపించాలి."

ఏజెంట్ ఇరవై రెండు ఫోటో అందుకున్నాడు. పసుపు రంగు బుల్లి బైప్లేన్. పక్కటెముకల్లాంటి చెక్క రిబ్‌లకి బట్ట తొడిగిన రెండు జతల రెక్కలు. వాటికి ఆనుకుని తోలు జాకెట్‌లో నవ్వుతున్న ఒక యువతి.

"పైలట్. విదేశీ ముఠాకి కొరియర్. మన రాడార్ స్టేషన్ ప్లాన్ల మైక్రోఫిల్మ్ ఆమె దగ్గరుంది. ఎయిర్‌షో వంకతో అవతలికి ఎగరబోతోంది. రెక్కలకి కొత్త బట్ట తొడిగే వర్క్‌షాప్‌లో నీకు ఉద్యోగం రెడీ."

"సర్, నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు."

"మరీ మంచిది. చెడగొట్టడానికేగా వెళ్ళేది!"

వర్క్‌షాప్ యజమానిని అందరూ మాస్టారు అనేవారు. సోడాబుడ్డి కళ్ళద్దాలు, పూత వాసన వేసే చేతులు. చూపు మందగించింది కాబట్టి ఇప్పుడు పనంతా వేళ్ళతోనే చూసుకునేవాడు. మొదటి రోజే కొత్త పనివాడికి జానెడున్నర సూది ఇచ్చి, "ఇదిగో అల్లుడూ, నీ కత్తీ డాలూ," అన్నాడు. ఆయనకి కూతుళ్ళు లేరు. నచ్చినవాళ్ళందరూ అల్లుళ్ళే.

చిరిగిన పాత బట్ట ఒలిచారు. పుచ్చిన చెక్క మార్చారు. కొత్త బట్ట అంటించి, ఇస్త్రీపెట్టెతో బిగుసుకునేలా చేశారు. ఆ తర్వాత అసలు పని. సూదిని పైబట్టలోంచి గుచ్చి, రిబ్ పక్కగా కిందబట్టలోంచి తీసి, మళ్ళీ పైకి తెచ్చి మైనం దారంతో ముడి వెయ్యాలి. ముడుల మీద టేప్, టేప్ మీద పూత.

"జిగురు బట్టని అంటిపెట్టుకుంటుందంతే. పట్టుకునేది ముడి," అనేవాడు మాస్టారు. మధ్యాహ్నం తన క్యారియర్‌లో సగం అల్లుడి ముందుకు తోసేవాడు. ఇరవై రెండుకి ముద్ద దిగేది కాదు.

దిగకపోయినా పని ఆపలేదు. ఎడమ కింది రెక్కలో నాలుగు రిబ్‌లు అసలు కుట్టలేదు. దారం ముక్కలకి ముడులు వేసి, వాటిని బట్ట మీద జిగురుతో అంటించి, పైన టేప్ వేశాడు. మొత్తం ముప్పై రెండు దొంగ ముడులు. విమానం వేగం అందుకోగానే గాలి ఆ బట్టని చెక్క మీంచి ఊడబెరుకుతుంది.

మాస్టారు వచ్చి టేప్ మీద వేళ్ళు జరుపుతూ ఒక్కొక్క ముడీ లెక్కపెట్టాడు. "ముప్పై రెండు. బాగుందిరా అల్లుడూ," అని భుజం తట్టాడు. ఆ చెయ్యి తీసేసినా బరువు మాత్రం అక్కడే ఉండిపోయింది.

చొక్కా గుండీలోని ట్రాన్స్‌మిటర్ గుసగుసలాడింది. "బట్ట ఆరిందా?"

"ఆరింది," అన్నాడు ఇరవై రెండు. పని పూర్తయిందని అర్థం. దేశద్రోహి చస్తే పాపం లేదని ఆ వారమంతా తనకి తాను చెప్పుకుంటూనే ఉన్నాడు. ఒక్కసారీ నమ్మకం కుదరలేదు.

శనివారం ఉదయం పైలట్ రన్‌వే మీదికి వచ్చింది. మెడలో పట్టు స్కార్ఫ్, కళ్ళకి నల్లద్దాలు, పెదాల మీద ఫోటోలోని అదే నవ్వు. ఇంజన్ స్టార్ట్ అయింది. మాస్టారు తోలు టోపీ పెట్టుకుని ముందు సీట్లోకి ఎక్కుతున్నాడు.

"మీరెక్కడికి మాస్టారూ?" ఇరవై రెండు గొంతు కీచుమంది.

"కొత్త రెక్కతో మొదటిసారి ఎగిరినప్పుడు దాన్ని కుట్టినవాడు ముందు సీట్లో కూర్చోవాలి. మా నాన్న పెట్టిన రూలు. అయితే నువ్వు పిల్లాడివి. నీ కుట్టుకి పూచీ నాది, కాబట్టి సీటూ నాదే."

విమానం కదిలింది. గుండీలో చీఫ్ గొంతు, "ఇరవై రెండూ, కదలకు. ఒక్క ముసలాడి కోసం ఆపరేషన్ ఆపం."

ఇరవై రెండు కదలడం కాదు, పరిగెత్తాడు. వేగం అందుకుంటున్న విమానం రెక్క చివర పట్టుకుని వేలాడాడు. కాళ్ళు నేలమీద ఈడ్చుకుపోతుంటే, కత్తి తీసి తన పనితనాన్ని తానే నిలువునా చీల్చాడు. విమానం గిర్రున పక్కకి తిరిగి, గడ్డిలో ఆగింది.

"కుట్టలేదు మాస్టారూ! అన్నీ దొంగ ముడులే. మిమ్మల్ని చంపబోయాను."

మాస్టారు దిగివచ్చి చీలిన బట్టలోకి చెయ్యి పెట్టాడు. రిబ్ తడిమాడు. ఒక్క దారమూ తగల్లేదు. ఒక పలచటి పొట్లం తగిలింది. మైక్రోఫిల్మ్.

పైలట్ నల్లద్దాలు తీసింది. కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. "నువ్వేనా ఇరవై రెండు? నేనూ మనవాళ్ళ మనిషినే. వర్క్‌షాప్‌లో నువ్వున్నావని మా డిపార్ట్‌మెంట్ చెప్పింది. ముఠాలో చేరి రెండేళ్ళయింది. రెక్క లోపల సూది సరిగ్గా దిగే చోట ఫిల్మ్ అంటించాను. ఒక్క కుట్టు వేసి ఉంటే పొట్లం తగిలేది, అది తీసి నకిలీది పెట్టేవాడివి. మార్చేశావనే నమ్మకంతో ఎక్కాను!"

గుండీ దగ్గింది. "ఇరవై రెండూ, పక్క డిపార్ట్‌మెంట్ నుంచి ఇప్పుడే ఫోన్. ఆవిడ మన మనిషేనట. శభాష్."

మాస్టారు మాత్రం ఇంకా తన వేళ్ళ చివర్లనే చూసుకుంటున్నాడు. "చంపబోయావు, సరే. అది మీ ఉద్యోగం. నా వేళ్ళని మోసం చేశావు చూడు... ఇవి తప్ప నాకింకేం మిగిలాయిరా?"

ఏడేళ్ళ సర్వీసులో ఇరవై రెండు నేర్చుకున్న అబద్ధాల్లో ఒక్కటీ పనికిరాలేదు. సిగ్గుతో తల వంచుకుని ఏడ్చాడు.

మాస్టారు వెళ్ళి ఆ పొడుగాటి సూది తెచ్చి, అతని చేతిలో పెట్టాడు. "కుట్టు," అన్నాడు. అల్లుడూ అనలేదు.

గాలి బాగాలేదు, ప్రయాణం సోమవారమని ముఠాకి కబురు పంపారు. రెక్కలో నకిలీ ఫిల్మ్ పెట్టారు. ఇరవై రెండు ఒక్కొక్క ముడీ మూడుసార్లు బిగించాడు. మాస్టారు ఈసారి వేళ్ళతో చూడలేదు.

"చూడరా?"

"నాకెందుకు? ముందు సీట్లో కూర్చునేది నువ్వేగా."

సోమవారం విమానం రన్‌వే మీద ఊగుతూ నిలబడింది. వెనక పైలట్, ముందు బెల్ట్ బిగించుకుని ఇరవై రెండు. గుండీ పలికింది. "కుట్టు గట్టిదేనా?"

"తెలీదు సర్," అన్నాడు ఇరవై రెండు. "కుట్టింది నేను."