బస్సులో మామిడిపండు వాసన

బస్సెక్కి రెండు నిమిషాలైనా కాలేదు, రెమి మళ్ళీ దగ్గడం మొదలుపెట్టాడు.

జొసెట్ తమ్ముడి బ్యాగులోంచి ఇన్‌హేలర్ తీసి వాడి చేతిలో పెట్టింది. రెమికి ఏడేళ్ళు, ఆస్తమా ఉంది. జొసెట్‌కు పదకొండేళ్ళు, కోపం ముక్కుమీదే ఉంటుంది. ఈ వారంలో ఇది మూడోసారి. ఎక్కడినుంచో తియ్యటి మామిడిపండు వాసన వస్తుంది, వెంటనే వాడికి దగ్గు అందుకుంటుంది. బయట చలి మైనస్ ముప్ఫై డిగ్రీలు. జనవరి నెలలో, కెనడాలోని మానిటోబాలో, బస్సులో మామిడిపండు ఎక్కడిది?

"ఎవరో మామిడిపండు వాసనొచ్చే ఈ-సిగరెట్ తాగుతున్నార్రా," అంది జొసెట్ పళ్ళు కొరుకుతూ.

డ్రైవరు సీటు వెనకాలే బోర్డు ఉంది. బస్సులో సిగరెట్లు, ఈ-సిగరెట్లు తాగరాదు. అంత పెద్ద అక్షరాలు కనబడలేదంటే ఎవరు నమ్ముతారు?

"పోనీలే అక్కా. ఇంకో ఆరు స్టాపులేగా."

"ఎందుకు పోనివ్వాలి? ఇవాళ వాళ్ళ పని పడతాను చూడు!"

లేచి నిలబడి బస్సంతా చూసింది. చిట్టచివరి సీటులో ఒకమ్మాయి. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. ఆకుపచ్చ రంగు జుట్టు, ముక్కుకు రింగు. ఆమె నోట్లోంచి తెల్లగా ఇంత పొగ! ఇంకేం కావాలి?

"మిస్టర్ కోవల్!" బస్సు అదిరేలా అరిచింది జొసెట్. "వెనక ఆ ఆకుపచ్చ జుట్టమ్మాయి ఈ-సిగరెట్ తాగుతోంది! మా తమ్ముడికి ఊపిరాడటం లేదు!"

అందరి తలలూ ఒక్కసారి వెనక్కి తిరిగాయి.

"నేనా? నా దగ్గర అలాంటిదేం లేదు," అంది ఆ అమ్మాయి. "కావాలంటే బ్యాగు చూసుకోండి."

"నా కళ్ళతో చూశాను పొగ!"

డ్రైవరు కోవల్‌కు కూడా ఆ వాసనతో వారం రోజులుగా విసుగెత్తిపోయింది. ఆయన బ్యాగూ చూడలేదు, మాటా వినలేదు. తర్వాతి స్టాపులో బస్సు ఆపి, "దిగమ్మా," అన్నాడు.

"నాలుగింటికల్లా బేకరీలో ఉండాలండీ. కొత్త పని. ఇంకో బస్సుకి అరగంట పడుతుంది!"

"రూల్ అంటే రూలే."

ఆ ఊళ్ళో బస్సు దిగేవాళ్ళంతా డ్రైవరుకు థాంక్స్ చెప్పే దిగుతారు. చిన్నా పెద్దా అందరికీ అదే అలవాటు. అలవాటు ఎంత చెడ్డదో చూడండి, ఆ అమ్మాయి కూడా కళ్ళు తుడుచుకుంటూ "థాంక్స్" అనే దిగింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"శభాష్ పాపా!" అన్నాడు పక్క వరసలో కూర్చున్న పెద్దమనిషి. మంచి ఉన్ని కోటు, బూడిదరంగు మఫ్లరు, ఒళ్ళో తోలు బ్యాగు. "నీలాంటివాళ్ళుంటేనే రూల్స్ నిలబడతాయి."

జొసెట్ ఉబ్బి తబ్బిబ్బయింది.

రెండు స్టాపులు దాటాయో లేదో, మళ్ళీ మామిడిపండు వాసన. రెమి మళ్ళీ దగ్గాడు.

ఆ అమ్మాయి దిగిపోయాక ఈ వాసన ఎక్కడిది? జొసెట్ లేచి చివరి సీటుదాకా నడిచింది. అక్కడ వెనక తలుపు సరిగ్గా మూసుకోవడం లేదు. సందులోంచి చలి కోసేస్తోంది. "హా" అని ఊపిరి వదిలింది. తన నోట్లోంచి కూడా తెల్లగా ఇంత పొగ!

ఉత్త ఊపిరి. ఆ చలిలో పుట్టి పెరిగిన పిల్ల, రోజూ హీటరు పక్కన కూర్చుని ఆ సంగతే మరిచిపోయింది. ఆకుపచ్చ జుట్టు చూసింది, తీర్పు చెప్పేసింది. జొసెట్‌కు సిగ్గుతో చెవులు మండిపోయాయి.

అప్పుడే అటు ముందు కూర్చున్న ఆ పెద్దమనిషి మఫ్లరు ముక్కుదాకా లాక్కుని, లోపలికి చెయ్యి పోనిచ్చాడు. అక్కడ హీటరు వేడిలో కూడా మఫ్లరు అంచులోంచి సన్నగా ఆవిరి లేచింది.

ఇప్పుడు నోరు విప్పితే తన తప్పు తానే చాటుకున్నట్టు. మూసుకుంటే శభాష్ దక్కుతుంది. కానీ రెమి ఇంకా దగ్గుతూనే ఉన్నాడు.

ఈసారి అరవలేదు. నేరుగా వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. "మఫ్లరులో ఏముంది సార్?"

"నీకెందుకు? వెళ్ళి కూర్చో."

"కూర్చోను. మీ చేతిలో ఉన్నది చూశాను."

"ఇది పొగ కాదు, ఉత్త ఆవిరి. చిన్నపిల్లవి, నీకేం తెలుసు?"

"బోర్డు చదవడం తెలుసు!" జొసెట్ డ్రైవరు వైపు తిరిగింది. "మిస్టర్ కోవల్, ఇందాక నేను చెప్పింది తప్పు. ఆ అమ్మాయి నోట్లోంచి వచ్చింది ఊపిరి. తాగుతున్నది ఈయన. కావాలంటే మీరే వచ్చి చూడండి."

ఈసారి కోవల్ లేచి వచ్చి చూశాడు. పెద్దమనిషి దిగిపోయాడు. థాంక్స్ మాత్రం చెప్పలేదు.

మర్నాడు ఆకుపచ్చ జుట్టమ్మాయి అదే చివరి సీటులో ఉంది. జొసెట్ నడవ మధ్యలో నిలబడింది.

"మెల్లిగా చెప్పొచ్చుగా అక్కా," గొణిగాడు రెమి.

"నిన్న మెల్లిగా అన్నానా?" అని గొంతెత్తింది. "నిన్న నేను ఈమెను అన్యాయంగా దింపించాను. ఈమె ఏ తప్పూ చెయ్యలేదు. తప్పు నాది. క్షమించండి!"

ఆ అమ్మాయి నవ్వలేదు. "నా పేరు షైలీన్. నువ్వు ఇక్కడ చెబితే అక్కడ బేకరీలో ఎవరికి వినబడుతుంది? ఇంకోసారి ఆలస్యమైతే పనిలోకి రావద్దన్నారు."

బేకరీ స్టాపు రాగానే జొసెట్ రెమి మొహానికి స్కార్ఫు గట్టిగా చుట్టి, వాడి చెయ్యి పట్టుకుని లేచింది.

"ఇది మన స్టాపు కాదక్కా!"

"ఇవాళ ఇదే."

"వద్దులే," అంది షైలీన్. "మా ఓనరు నిన్ను కూడా తిడతాడు."

"తిట్టనీ. చెప్పే వస్తాను."

"బ్యాగైనా చూడకుండా దింపింది నేనే," అన్నాడు కోవల్ తలుపు తెరుస్తూ. "నా పేరు కూడా చెప్పు."

"చెబుతాను. థాంక్స్!" అని జొసెట్ షైలీన్ కంటే ముందే చలిలోకి దిగింది.