నాలుగో ఛానల్‌లో తెలుగు

ఫీనిక్స్ విమానాశ్రయంలో లగేజీ బెల్ట్ పక్కన కూర్చున్న ముసలాయన కునుకు తీస్తున్నాడనే అందరూ అనుకున్నారు. బెల్ట్ ఆగిపోయింది. ఆయన నీలం సూట్‌కేసు ఒక్కటే మిగిలింది. తుడిచే మనిషి వచ్చి భుజం తట్టేసరికి ఆయన పక్కకి ఒరిగిపోయాడు. చెవి వెనక సూదిమొన దిగినంత ఎర్రటి చుక్క. కోటు జేబులో ఓ కాగితం ముక్క. దాని మీద రెండే మాటలు: "ఛానల్ నాలుగు."

అది శనివారం సాయంత్రం.

మర్నాడు, 2010 ఏప్రిల్‌లో ఓ ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి, ఫీనిక్స్ పక్కనే ఉన్న చాండ్లర్‌లో స్కూలు ఆడిటోరియం అద్దెకి తీసుకుని నడుపుకునే తెలుగు చర్చిలో ఆమోసు రెండో కీర్తన పాడుతున్నాడు. జేబులో ఫోన్ వణికింది.

"ప్రిస్సిల్లా అత్తయ్యకి ఒంట్లో బాగాలేదు."

ఆమోసుకి ఆ పేరుతో అత్తయ్య ఎవరూ లేరు. ఆ మెసేజ్‌కి అర్థం ఒక్కటే. పావుగంటలో రావాలి.

పక్కనే ఉన్న భార్య లూసీ పాట ఆపకుండానే కారు తాళాలు తీసి అతని చేతిలో పెట్టింది. పన్నెండేళ్ళ కాపురంలో ఆ అత్తయ్య జబ్బులు ఆమెకి అలవాటైపోయాయి.

ఇండియన్ గ్రోసరీ స్టోర్ వెనక పార్కింగ్‌లో ఓ తెల్ల వ్యాన్ ఆగి ఉంది. లోపల ఫణికుమార్. కౌంటర్ ఇంటెలిజెన్స్‌లో ఆమోసుకి పై అధికారి. జుట్టు పూర్తిగా నెరిసింది కానీ గొంతులో హైదరాబాద్ ఇంకా నెరవలేదు.

"కూర్చో. టైమ్ లేదు. హాన్-రైన్ ఫండ్ అంటే తెలుసు కదా?"

"జర్మన్, చైనీస్ సైంటిస్టుల ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రామ్. ఇక్కడి ఓ పారిశ్రామికవేత్త విల్లు రాసి పోయాడు. ఏటా పన్నెండు మందిని అటు, పన్నెండు మందిని ఇటు పంపిస్తారు."

"కరెక్ట్. వాళ్ళ ఆన్యువల్ మీట్ ఇక్కడే రిసార్ట్‌లో నడుస్తోంది. ఇవాళ పన్నెండింటికి సంతకాలు. ఇంకో పదేళ్ళు ఫండింగ్ కంటిన్యూ అవుతది. నిన్న చచ్చిపోయినాయన రూడిగర్ వోస్, ఫండ్‌కి సీనియర్ అడ్వైజర్. మాకేదో చెప్తానని ఫోన్ చేసిండు. చెప్పేలోపే లేపేశారు."

"హెరాన్ పనేనా?"

ఫణికుమార్ తలూపాడు. హెరాన్ ఏ దేశానికీ చెందని ముఠా. ఎవరు ఎక్కువిస్తే వాళ్ళకి రహస్యాలూ ప్రాణాలూ అమ్ముతుంది. ఐదేళ్ళుగా డిపార్ట్‌మెంట్‌కి నిద్ర లేకుండా చేస్తోంది.

"మరి ఛానల్ నాలుగు?"

"రిసార్ట్ టీవీలన్నీ వెతికించినం. నాలుగో ఛానల్‌లో వంటల ప్రోగ్రామ్ వస్తోంది." ఓ ఫొటో అందించాడు. గుండ్రటి కళ్ళద్దాలు, పొట్టి జుట్టు, ముప్పై ఐదేళ్ళ చైనీస్ మహిళ. "డాక్టర్ షెన్ యూలాన్. ఇక్కడి చిప్ ఫ్యాక్టరీ సీక్రెట్ డిజైన్ ఆమె దగ్గరున్న పెన్ డ్రైవ్‌లో ఉందని మల్లె చెప్పింది. మల్లె అంటే కోడ్ పేరు, మూడేళ్ళుగా ఫండ్ లోపల మన మనిషి. సంతకాలు కాంగనే షెన్‌ని అరెస్ట్ చేస్తం. అప్పటిదాకా నువ్వు కనిపెట్టుకుని ఉండాలె."

"నేనెవరో మల్లెకి తెలుసా?"

"తెల్వదు. మనవాడొకడు గేట్ దగ్గర సెక్యూరిటీ డ్రెస్‌లో ఉంటడని చెప్పిన."

సీటు కింద నుంచి తీసిన నీలం చొక్కా మీద 'హెక్టర్, సౌండ్ సర్వీసెస్' అని కుట్టి ఉంది. ఆమోసు మీసం అంటించుకుని టోపీ పెట్టుకున్నాడు. కనిగిరిలో పుట్టిన మనిషిని అరిజోనాలో హెక్టర్ అనే మెక్సికన్ అంటే ఎవరూ రెండోసారి చూడరు.

*

రిసార్ట్‌లో మీటింగ్ హాలు వెనక గాజుగది. అందులో ప్రసంగాల్ని అప్పటికప్పుడు అనువదించే ముగ్గురు ఇంటర్‌ప్రెటర్లు, సౌండ్ బోర్డు ముందు ఆమోసు. హాల్లో నూట యాభై మంది చెవులకి హెడ్‌సెట్లు. వాళ్ళ చేతుల్లోని చిన్న రిసీవర్ మీద గుండ్రటి మీట తిప్పితే ఒకటిలో ఇంగ్లిష్, రెండులో జర్మన్, మూడులో చైనీస్.

"హోలా, హెక్టర్!"

ఆమోసు తలెత్తాడు. పసుపు పట్టుచీర, పచ్చరాళ్ళ జూకాలు, కొంగు దగ్గర హంస బ్రోచ్. ఫండ్ ప్రోగ్రామ్ డైరెక్టర్ రాగిణి. ఫణికుమార్ చెప్పిన మల్లె ఆమే. ఆమె నడిచి వస్తుంటే నోబెల్ కోసం ఎదురుచూసే పెద్దాయన ఒకరు ప్రసంగం కాగితాలు జారవిడుచుకున్నాడు.

"హోలా, సెన్యోరా," అన్నాడు ఆమోసు. తనకొచ్చిన స్పానిష్‌లో సగం అయిపోయింది.

ఆమె బోర్డు వైపు ఒక్క చూపు చూసి, నవ్వి వెళ్ళిపోయింది. ఆ చూపులో నవ్వు లేదు.

కాసేపటికి షెన్ యూలాన్ హెడ్‌సెట్ పట్టుకుని వచ్చింది. ఒక చెవి పనిచేయడం లేదట. రెండో చేత్తో గుడ్డసంచిని గుండెకి హత్తుకుంది. అందులోంచి ఎర్రమట్టి కుండ అంచు కనిపిస్తోంది.

"అదేంటి, డాక్టర్?" అన్నాడు ఆమోసు ఇంగ్లిష్‌లో, వైరు సరిచేస్తూ.

ఆమె మొహం విచ్చుకుంది. "ఫిల్టర్. నీళ్ళలో ఫ్లోరైడ్ తీసేస్తుంది. కరెంటు అక్కర్లేదు. లోపలి పొర నాది. మట్టి కుండని జర్మన్ సైంటిస్టు డాక్టర్ ఎబర్లె కాల్చాడు. ఈ ఫండ్ నన్ను జర్మనీలో డ్రెస్డెన్‌కి పంపకపోతే మేం కలిసేవాళ్ళమే కాదు. ఇవాళ్టి ఒప్పందంలో ఇదీ ఉంది, మేమిద్దరం సంతకం పెడితే ఇది ఎవరికీ సొంతం కాదు, అందరిదీ. మా అమ్మమ్మ ఊళ్ళో అందరి ఎముకలూ బిగుసుకుపోయాయి."

ఆమోసు చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. నాన్న గుర్తొచ్చాడు. కనిగిరిలో బడిపంతులు. మెడ తిరిగేది కాదు. వెనక బెంచీలో పిల్లాడు అల్లరి చేస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. నలభై రెండేళ్ళకే కర్ర పట్టాడు.

దొంగతనానికి వచ్చిన మనిషి ఇలా మాట్లాడుతుందా? ఏమో. బాగా మాట్లాడడం గూఢచారులకి మొదట నేర్పే విద్యే.

"థాంక్యూ, హెక్టర్." ఆమె హెడ్‌సెట్ పెట్టుకుని మీట తిప్పి చూసుకుంది. ఒకటి, రెండు, మూడు. మీట ఇంకో గీత దగ్గర టక్కుమని ఆగింది.

నాలుగు.

"అది దేనికి?" అన్నాడు ఆమోసు.

"ఏమీ రాదు. ఖాళీ," అని ఆమె వెళ్ళిపోయింది.

*

పదకొండూ నలభై. ఆమోసు బోర్డు మీద నాలుగో ఛానల్ తెరిచి, రికార్డర్ ఆన్ చేసి, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. గరగర తప్ప మరేమీ లేదు. ఐదు నిమిషాలు. పది. స్టేజి మీద ఎవరో స్వాగతం చెప్తున్నారు. రాగిణి పక్కనే నిలబడి చప్పట్లు కొడుతోంది.

ఉన్నట్టుండి చెవిలో ఆడగొంతు. గుసగుస. తెలుగు.

"జగదీష్, వింటున్నావా? వింటుంటే ఒక ఫ్లాష్."

హాల్లో మూడో వరుస దగ్గర ఫొటోగ్రాఫర్ కెమెరా ఒక్కసారి మెరిసింది.

ఆమోసు స్టేజి వైపు చూస్తే, రాగిణి తల కొంగు వైపు వంచి పెదాలు కదుపుతోంది. ఆ హంస బ్రోచ్‌లో మైక్ ఉంది! జర్మన్లు, చైనీయులు, అమెరికన్లు నిండిన హాల్లో తెలుగుని మించిన కోడ్ ఏముంటుంది?

"పెన్ డ్రైవ్ ఆ షెన్ సంచిలో వేశావా?"

రెండు ఫ్లాష్‌లు. లేదు.

"సరే. సంతకానికి పిలిచినప్పుడు సంచి కుర్చీలో వదిలి, కుండ తీసుకుని స్టేజి ఎక్కుతుంది. అప్పుడు వేసెయ్. మిగతాది ఆ ఫణి మనుషులు చూసుకుంటారు. దొంగ సైంటిస్టు అని పేపర్లకెక్కితే ఫండ్ ఈ రోజుతో క్లోజ్. ఫిల్టర్ మన క్లయింట్‌ది."

ఒక ఫ్లాష్.

"జర్మన్ వాడి సంగతి నేను చూసుకుంటా. బంగారు పెన్ను. క్యాప్ తిప్పితే చాలు, సూది దిగుతుంది. నిన్న ముసలాయనకి ఇరవై సెకన్లు పట్టింది. గుండెపోటు అనుకుంటారు."

ఆమోసు కాలర్ మైక్ నొక్కాడు. "సార్! మల్లె మనది కాదు. హెరాన్ మనిషి. షెన్‌ని ఇరికిస్తోంది. ఎబర్లెని చంపబోతోంది. అరెస్ట్ ఆపండి, మనుషుల్ని లోపలికి పంపండి!"

"ఏం మాట్లాడుతున్నవ్ ఆమోసూ? మూడేళ్ళ సంది నా ఏజెంట్ ఆమె."

"నా చెవులారా విన్నాను సార్. రికార్డు కూడా చేశాను."

"అయినంక తీస్కరా, వింట. ఇప్పుడు గొడవ చేస్తే ఆపరేషన్ మొత్తం నాశనమైతది. నా ఆర్డర్ వచ్చేదాకా కదలకు."

లైన్ కట్టయింది.

పదకొండూ యాభై ఎనిమిది. డాక్టర్ మథియాస్ ఎబర్లె స్టేజి ఎక్కాడు. ఆరడుగుల మనిషి, వదులు కోటు, గోళ్ళ సందుల్లో ఇంకా మట్టి. షెన్ కుండ తీసుకుని అతని వెనకే నడిచింది. కుర్చీలో సంచి ఒంటరిగా మిగిలింది. జగదీష్ కెమెరా సర్దుకుంటూ అటు కదిలాడు.

రాగిణి ముఖమల్ పెట్టె తెరిచి ఎబర్లె ముందు పెట్టింది. బంగారు పెన్ను.

స్టేజి వంద అడుగుల దూరం. మధ్యలో నూట యాభై కుర్చీలు. పరుగెత్తినా అందదు. అరిస్తే గాజుగదిలోంచి బయటికి వినిపించదు. ఎబర్లె పెన్ను చేతిలోకి తీసుకున్నాడు.

ఆమోసు ఇంగ్లిష్ ఇంటర్‌ప్రెటర్ ముందున్న మైక్ లాక్కున్నాడు. ఆమె "హే!" అని అరిచింది.

"డాక్టర్ ఎబర్లె, ఆ క్యాప్ తిప్పకండి!"

ఒకటో ఛానల్ వింటున్న తలలన్నీ వెనక్కి తిరిగాయి. జర్మన్ ఇంటర్‌ప్రెటర్ అలవాటు కొద్దీ ఆ మాటని జర్మన్‌లో చెప్పేశాడు. చైనీస్ ఆవిడ చైనీస్‌లో చెప్పింది. ఎబర్లె చెయ్యి గాల్లో ఆగింది.

రాగిణి నవ్వింది. స్టేజి మైక్ అందుకుంది. "క్షమించాలి. సౌండ్ బాయ్‌కి ఎండదెబ్బ తగిలినట్టుంది. సెక్యూరిటీ, అతన్ని బయటికి తీసుకెళ్ళండి. డాక్టర్, ప్లీజ్."

హాల్లో నవ్వులు. ఎబర్లె కూడా నవ్వాడు. రెండు వేళ్ళు క్యాప్ మీదికి వెళ్ళాయి. గాజుగది తలుపు బయట బూట్ల చప్పుడు.

ఆమోసు గొళ్ళెం వేసి, రికార్డర్ వెనక్కి తిప్పి, నాలుగో ఛానల్ మీట మొత్తం పైకి తోశాడు. హాలు స్పీకర్లలోంచి రాగిణి గొంతు ఉరిమింది.

"జర్మన్ వాడి సంగతి నేను చూసుకుంటా. బంగారు పెన్ను. క్యాప్ తిప్పితే చాలు, సూది దిగుతుంది..."

భాష ఎవరికీ అర్థం కాలేదు. గొంతు ఎవరిదో అందరికీ అర్థమైంది. రాగిణి చెయ్యి బ్రోచ్ మీదికి పోయింది.

"ఇది మా భాష, తెలుగు," అన్నాడు ఆమోసు మైక్‌లో. "ఆవిడ ఏమంటోందో చెప్తాను. 'జర్మన్ వాడి సంగతి నేను చూసుకుంటాను. పెన్ను క్యాప్ తిప్పితే సూది దిగుతుంది. నిన్న ముసలాయనకి ఇరవై సెకన్లు పట్టింది.'"

ఇంటర్‌ప్రెటర్లిద్దరూ ఒక్క మాట వదలకుండా అందుకున్నారు. పాలిపోయిన మొహాలతోనే చెప్పారు.

ఎబర్లె పెన్ను బల్ల మీద పడేశాడు. రాగిణి చటుక్కున దాన్ని అందుకుని క్యాప్ తిప్పింది. సన్నటి సూది తళుక్కుమంది. ఎబర్లె మెడ మీదికి దూకింది. అరచేతి దూరం కూడా లేదు.

షెన్ యూలాన్ ఆలోచించలేదు. రెండేళ్ళ శ్రమని రెండు చేతులా ఎత్తి రాగిణి మణికట్టు మీద కొట్టింది. కుండ పెంకులైంది. పెన్ను ఎగిరి స్టేజి చెక్కలో నిటారుగా దిగబడింది.

గాజుగది తలుపు పగిలింది. సెక్యూరిటీ దుస్తుల్లో ఉన్న డిపార్ట్‌మెంట్ కుర్రాడు ఆమోసుని గుర్తుపట్టి నోరు తెరిచాడు. "నన్ను కాదయ్యా, ఆ ఫొటోగ్రాఫర్‌ని పట్టుకో!" అన్నాడు ఆమోసు. జగదీష్ అప్పటికే సంచిలో చెయ్యి పెట్టి ఉన్నాడు. చేతిలో పెన్ డ్రైవ్‌తో సహా దొరికాడు.

ఫణికుమార్ ఆయాసపడుతూ వచ్చాడు. బేడీలతో ఎదురొచ్చిన రాగిణిని చూసి ఆగాడు.

"మూడేళ్ళు నమ్మిన నిన్ను."

"మీరు నమ్మారు కాబట్టే నన్ను పట్టుకోడానికి మూడేళ్ళు పట్టింది సార్," అని ఆమె జూకా సర్దుకోబోయింది. చేతులు రాలేదు.

ఫణికుమార్ ఆమోసు వైపు తిరిగాడు. అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నీ మాట వినకపోవడం నా తప్పు. రిపోర్టులో నేనే రాస్త."

స్టేజి మీద షెన్ మోకాళ్ళ మీద కూర్చుని పెంకులు ఏరుతోంది. ఆమోసు వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"మళ్ళీ చేస్తారా, డాక్టర్?"

"మూడు నెలలు పడుతుంది," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "ముందు సంతకం కావాలి."

"మా నాన్నది కూడా అలాంటి నీళ్ళ ఊరే," అన్నాడు ఆమోసు. ఆమె అతని మొహంలోకి చూసి, ఓ పెంకు అతని చేతిలో పెట్టింది.

ఒంటిగంటకి మళ్ళీ అందరూ బల్ల దగ్గర చేరారు. పత్రాలు సిద్ధంగా ఉన్నాయి. కానీ ఆ హాల్లో ఉన్న ఏ పెన్నునీ ముట్టుకోవడానికి ఒక్కరికీ ధైర్యం లేదు. ఆమోసు జేబులోంచి చర్చిలో పంచిన ప్లాస్టిక్ బాల్‌పెన్ తీసి ఇచ్చాడు. ఎబర్లె చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ముందు మీరు రాసి చూపించండి."

ఆమోసు పత్రం మార్జిన్‌లో తన పేరులోని మొదటి అక్షరం 'ఆ' రాసి, తాను బతికే ఉన్నట్టు అందరికీ చూపించాడు. ఎబర్లె, షెన్ సంతకాలు చేశారు. చప్పట్లు మోగాయి.

జర్మన్, చైనీస్, ఇంగ్లిష్ భాషల్లో ఉన్న ఆ ఒప్పందంలో నాలుగో భాషలో ఉన్న ఆ ఒక్క అక్షరం ఏ క్లాజు కిందికి వస్తుందో ఫండ్ లాయర్లు ఇప్పటికీ తేల్చలేదు.