సూదికి జానెడు దూరం

ఉదయం తొమ్మిదింటికి విమానాశ్రయం దారిలో కొరియర్ లాయిడ్‌ని కాల్చి చంపారు. అతని దగ్గరున్న స్టీల్ డబ్బా మాయమైంది.

ఏజెంట్ షాలోమ్‌కి చీఫ్ శ్రీలక్ష్మి ఫోన్లోనే బ్రీఫింగ్ ఇచ్చింది. "ఆ డబ్బాలో ఉన్నవి ఒక దాత రక్షక కణాలు. కాన్సర్‌ని వేటాడేలా జన్యువులు మార్చారు. రోగి ఒంటి మీద తిరగబడకుండా రెండో మార్పు చేశారు. ఒక్క దాతతో వందమందికి మందు. విదేశీ ముఠా ఫీనిక్స్ బే రేవు నుంచి పదకొండింటికి డిగ్లీపూర్ వెళ్లే బోటులో దాటిస్తోంది. ముఠాలో మనం పెట్టిన మనిషి నాన్సీ కూడా అక్కడే ఉంటుంది."

లాయిడ్, షాలోమ్ ఒకే చర్చిలో పాటలు పాడినవాళ్లు. ఏడవడానికి టైం లేదు. పోర్టర్ వేషంలో ఫీనిక్స్ బే చేరాడు.

నల్లకళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, ట్రాలీ బ్యాగ్. ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్ నాన్సీ సినిమాతారలా నడిచి వస్తోంది. డబ్బాలోని సెన్సర్ సిగ్నల్‌కి షాలోమ్ వాచీ వణికింది. తెర మీద మైనస్ నూట తొంభై డిగ్రీలు. డబ్బా ఆ బ్యాగులోనే ఉంది!

"దీదీ, డిగ్లీపూర్‌లో వానా?" కోడ్ అడిగాడు.

'మంచు' అనాల్సిన నాన్సీ తల తిప్పుకుంది.

"హటో భయ్యా, బోటు టైమైంది."

ఆమె ముఠా వైపు తిరిగిపోయిందని షాలోమ్‌కి అర్థమైంది. మెల్లగా ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఎందుకిలా?"

"అమ్మకి లూపస్. తన కణాలే తన కిడ్నీల్ని తినేస్తన్నాయి. ముఠావాళ్లు ఇలాంటి కణాలతోనే వైద్యం చేయిస్తామన్నారు. లాయిడ్‌ని చంపుతారని కసమ్‌సే నాకు తెలీదు." కళ్లద్దాల కింద నీళ్లు. "ఇంకోటుంది. అమ్మని చూస్తానని మాటివ్వు, చెప్తా."

"మాట."

"మా ఆసుపత్రిలో కాన్సర్ రోగి కన్నారావు తాతకి ఇవాళ ఎక్కించే కణాల సీసా మార్చేశాను. అందులో రెండో మార్పు లేదు. ఆ కణాలు తాతనే తినేస్తాయి. మన మందు బద్‌నామ్ కావాలనే చేయించారు. పదకొండుకే ఎక్కిస్తారు."

పది యాభై తొమ్మిది!

షాలోమ్ వార్డుకి ఫోన్ చేశాడు. నాలుగు రింగులు.

"ఆపండి! సిస్టర్, క్లాంప్ మూసేయండి!"

అవతల కుర్చీ పడిన చప్పుడు. తర్వాత నర్సు రొప్పుతున్న గొంతు: "ఆపేశాను సార్. మందు సూదికి జానెడు దూరంలో ఉంది."

డెక్ మీద ఎదురుచూస్తున్న విదేశీయుణ్ణి మఫ్టీ పోలీసులు దించేశారు. నాన్సీ పోలీసు జీపెక్కుతూ వెనక్కి తిరిగి చూసింది.

సాయంత్రం ఆసుపత్రి కౌంటర్లో షాలోమ్ నాన్సీ తల్లి కోసం లూపస్ ట్రయల్ దరఖాస్తు నింపాడు. రోగి పేరు: బేబీరాణి, ఊరు: రంగత్. 'రోగితో సంబంధం' అన్నచోట పెన్ను ఆగింది. కాసేపటికి 'కొడుకు' అని రాశాడు.

ఇరవై ఏళ్ల సర్వీసులో సంతకం పెట్టి మరీ ఆడిన అబద్ధం ఇదొక్కటే.