బాగుంది కదా

ఆదివారం పొద్దున్నే వెర్షన్ మాస్టారికి ఒక ఫొటో కావలసి వచ్చింది. కొత్తగా విడుదలైన కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద తన అనుభవాలను ఆయన ఇంటర్నెట్‌లో భాగాలుగా రాస్తున్నారు. దాని అందం గురించి, వేగం గురించి ఇప్పటికే రాసేశారు. ఇప్పుడు భార్య కుట్టుగదిలోని కంప్యూటర్ తెరను ఫొటో తీసి పెడితే, ఇది మామూలు ఇళ్లకు పనికిరాదని వాదించేవాళ్లు ఇక నోరెత్తరని ఆయన ఉద్దేశం.

ఆయన బళ్లో లెక్కలు చెబుతారు. ఆ పేరు పిల్లలు పెట్టింది. ఏ కొత్త వెర్షన్ వచ్చినా మరునాడు క్లాసులో పాఠం కన్నా దాని ముచ్చటే ఎక్కువ. ఈ సిస్టమ్ విడుదలైన రోజున సెలవు పెట్టి మరీ దించుకున్నారు. ఆ ఊపులోనే ఇంట్లో వాళ్లందరి కంప్యూటర్లలోనూ ఎక్కించేశారు. పాతదానికి "ముసలిది" అని పేరు పెట్టారు. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా "బాగుంది కదా?" అనేవారు. భార్య "బాగుందండీ" అనేది. కాలేజీలో చదివే కూతురు పళ్లెంలోంచి తలెత్తకుండానే "చాలా బాగుంది నాన్నా" అనేది.

భార్య డాక్టర్ల కోట్ల మీదా, యూనిఫారాల మీదా పేర్లు, చిహ్నాలు కుట్టి ఇస్తుంది. డిజైన్ కంప్యూటర్లో గీస్తే, అది తీగ గుండా ఎంబ్రాయిడరీ మెషిన్‌కి వెళుతుంది. ఆమె కుట్టినవి ఇచ్చి రావడానికి బయటికి వెళ్లిన సమయం చూసి మాస్టారు కుట్టుగదిలోకి వచ్చారు. కుర్చీ మీది దారపు ఉండలు పక్కకు జరిపి, కంప్యూటర్ ఆన్ చేసి, ఫోన్ సరిచూసుకున్నారు.

తెర వెలిగింది. ముసలిది నింపాదిగా లేచి కూర్చుంది.

మాస్టారు ఫోన్ దించారు. ఆపి మళ్లీ ఆన్ చేశారు. మళ్లీ అదే.

"అమ్మాయ్, ఇలా రా ఒకసారి."

తల తుడుచుకుంటూ వచ్చిన కూతురు తెరను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది ఎవరు చేశారు?"

"అమ్మ షాపుకి తీసుకెళ్లింది నాన్నా. ఆ షాపు అన్నయ్య మళ్లీ పాతదే ఎక్కించి ఇచ్చాడు."

ఆ షాపు నడిపేది మాస్టారి పాత శిష్యుడే. మొదటి భాగం కింద అందరికన్నా ముందు "అద్భుతం మాస్టారూ" అని రాసింది కూడా వాడే.

"మరి నీది?"

కూతురు తువ్వాలు చేతికి చుట్టుకుంది. "నాదీ మార్పించుకున్నాను. కాలేజీ పరీక్షల సైటు కొత్తదాంట్లో తెరుచుకోలేదు."

"ఎప్పుడు?"

"అమ్మకన్నా ముందే."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. నిన్న అన్నం దగ్గర కూడా తెర మీది కొత్త బొమ్మల గుర్తుల గురించి ఎంతో వివరంగా చెప్పారు. ఇద్దరూ తలలూపుతూ విన్నారు. ఆ ఊపిన తలలు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. ఇంటర్నెట్‌లో ఎవరెవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎగతాళి చేస్తుంటే, మా ఇంట్లో వాళ్లే సాక్ష్యమని వాళ్లతో పంతం పట్టి వాదించారాయన.

భార్య ఖాళీ సంచీతో లోపలికి వచ్చింది. తెరను చూసింది, భర్త మొహం చూసింది. సంచీ మేకుకు తగిలించింది.

"ఇంతకాలం నన్ను పిచ్చివాణ్ణి చేసి ఆడించారన్నమాట, ముగ్గురూ కలిసి."

"అలా కాదండీ."

"మరెలా? రోజూ బాగుంది బాగుంది అన్నావు. అది మోసం కాదా?"

"మోసమే. కాదనను." ఆమె గొంతు తగ్గింది. "ఆ కొత్తది నా మెషిన్‌ని గుర్తుపట్టలేదు. మీతో చెప్పాను కూడా. అలవాటైతే అదే కుదురుకుంటుందన్నారు. ఆ తర్వాత చెప్పలేకపోయాను. బడి నుంచి ఎప్పుడూ వడిలిపోయి వచ్చే మనిషి, ఇది వచ్చాక ఈల వేసుకుంటూ ఇంటికొస్తున్నారు. ఆ సంతోషం మీద నీళ్లు చల్లడానికి మనసొప్పలేదు."

"నా సంతోషం కోసం అబద్ధమా? కనీసం నువ్వైనా చెప్పాల్సింది," అన్నారాయన కూతురితో.

"నువ్వు ఎప్పుడడిగావు నాన్నా?"

"రోజూ అడిగాను."

"బాగుందా అని అడగలేదు. బాగుంది కదా అని అడిగావు." కూతురి కళ్లు ఎర్రబడ్డాయి. "ఆస్పత్రి కోట్ల మీద పేర్లన్నీ అమ్మ చేత్తో కుట్టింది, తెలుసా నీకు? మెషిన్ పలకకపోతే, మాటిచ్చేశాను కదా అని మధ్యాహ్నాలు కూర్చుని సూదితో కుట్టింది."

"ఊరుకోవే," అంది తల్లి.

"వేళ్లకు కట్లు కట్టుకుని వడ్డించింది. మనిద్దరం తిన్నాం."

మాస్టారు భార్య చేతివైపు చూశారు. ఆ కట్టు ఆయనకు గుర్తుంది. రెండో భాగం కోసం భార్య చేతిని తన మౌస్ మీద పెట్టించి ఫొటో తీశారు. చూపుడువేలికి తెల్లటి గుడ్డ చుట్టి ఉంది. ఫొటో అందం చెడుతోందని ఆ వేలు కనబడకుండా కత్తిరించి పెట్టారు. ఏమైందని అడగలేదు.

"ఆ ఫొటో కింద మీరు రాసింది చదివాను," అంది భార్య. "కంప్యూటర్ అంటే బొత్తిగా తెలియని మా ఆవిడ కూడా దీన్ని వాడేస్తోంది, అని. ఆ డిజైన్లన్నీ గీసేది ఎవరండీ? పక్క గదిలోనే కదా ఉంటారు. నేనేం చేస్తానో ఒక్కసారీ తొంగి చూడకుండా అంతమందికి అలా ఎలా చెప్పారు? మీరు ఇవాళ పడుతున్న బాధ నేను ఆ రోజే పడ్డాను."

మాస్టారు లేచి తన గదిలోకి వెళ్లిపోయారు.

తల్లీకూతుళ్లు వంటింట్లో పని చేసుకున్నారు. మాస్టారి గదిలో కాసేపు కీబోర్డు చప్పుడైంది, తర్వాత అదీ ఆగిపోయింది. రెండో భాగంలోంచి ఫొటోనూ, కింది వాక్యాన్నీ తీసేసి, "ఇది అబద్ధం. నేను అడగకుండా రాశాను" అని పెట్టారు. వెంటనే దాని కింద ఎవరో నవ్వుతున్న బొమ్మ అంటించారు. ఆయన దాన్ని అలాగే వదిలేశారు.

స్టూలు ఒకటి చేత పట్టుకుని కుట్టుగదిలోకి వచ్చి, భార్య కుర్చీకి కొంచెం వెనకగా వేసుకుని, ఆమెను పిలిచారు.

"నీ పని ఒకసారి చూపిస్తావా?"

ఆమె నమ్మనట్టు చూసింది. తర్వాత కూర్చుని ఒక పక్షి బొమ్మ తెరిచింది. రెక్కలో ఏ గీత ముందు కుట్టాలో, దారం ఎక్కడ తెంపితే వెనకవైపు ముడి కనబడదో చూపించింది. మెషిన్ టకటకమని పక్షిని గుడ్డ మీదకి దించుతుంటే ఆయన కన్నార్పకుండా చూశారు.

"ఈ వంపు ఎలా తెప్పించావు?"

"కుట్ల మధ్య ఎడం తగ్గించుకుంటూ వస్తాను. మీ లెక్కలే."

ఆయన ఆమె చూపుడువేలు పట్టుకుని కొస నిమిరారు. చర్మం ఇంకా గరుగ్గానే ఉంది. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"ఆ కొత్తది నీకెలా అనిపించింది? నేను మధ్యలో మాట్లాడను."

"రంగులు బాగున్నాయి. ముసలిదానికన్నా తొందరగా లేచేది, అదీ నిజమే," అని మొదలుపెట్టింది. అక్షరాలు కంటికి ఆనలేదని చెప్పింది. తన డిజైన్లు దాచుకున్న చోటు కనబడక భయపడిన రోజు గురించి చెప్పింది. ఎవర్నడగాలో తెలియక, ఇంట్లోనే అంత తెలిసిన మనిషి ఉండి కూడా, బస్సులో కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుని షాపుకి వెళ్తూ ఏడ్చానని చెప్పింది.

మాస్టారు ముందుకు వంగారు. "నన్ను..." అన్నారు.

"ఉండండి," అందామె చెంపలు తుడుచుకుంటూ. "ఇంకా అయిపోలేదు."

ఆయన స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.