ఒళ్ళెరిగిన పుర్రె

చెల్లెలి తువ్వాలు ఎత్తగానే దాని కింది ఇసుకలో పిల్లి పుర్రె బయటపడింది... పుర్రె నోట్లో కుక్కిన జుట్టు చెల్లెలిదే!

జుల్మీరా దాన్ని వేళ్ళతో పైకెత్తింది. ఆ ఎర్రటి జుట్టుచుట్టలో గోళ్ళ ముక్కలు, కుళ్ళిన చేపగుడ్లు, వాటి మీద లుకలుకలాడే తెల్లని పురుగులు! కంటిగుంటల్లోంచి కారే పసుపు జిగురు వేళ్ళకి అంటుకుంది. ఇసుకతో ఎంత రుద్దినా కంపు వదల్లేదు.

మిట్టమధ్యాహ్నం. మనిషి నీడ మనిషి కాళ్ళ కిందే దాక్కునే వేళ! వెనక ఉప్పునీటి కయ్య, దాని అవతల ఓల్యాన్ రేవు. ముందు అట్లాంటిక్ మహాసముద్రం. నడుమ నాలుక చాపినట్టున్న ఆ ఇసుక దీవి కొసకి వచ్చేవాళ్ళు బట్టలు సంచిలో కుక్కి, సిగ్గు పడవలోనే వదిలేసి వస్తారు. ఇవాళ తూర్పుగాలికి జడిసి ఎవరూ రాలేదు. సముద్రపక్షులు మాత్రం నెత్తి మీద తిరుగుతూ పసిపిల్లల్లా ఏడుస్తున్నాయి...

పక్కనే ఇడాలినా బోర్లా పడి ఇసుక నములుతోంది.

"దీవికి తీసుకుపో!" అంటూ పొద్దుటి నుంచి మగగొంతుతో అరిచి నురగ కక్కితే, వేరే దారిలేక జుల్మీరా పడవ ఎక్కించి, ఆమె ఎప్పుడూ పడుకునే ఈ చోటికే తెచ్చింది. వైద్యుడు చేతులెత్తేశాడు. పాదిరీ ఆమె పేరు పెట్టి ప్రార్థించిన మర్నాడే ఒంటి చర్మం పొరలుగా ఊడింది. ఇలాగే సాగితే చెల్లెలు దక్కదు!

ఇసుకలో అడుగుల చప్పుడు! జుల్మీరా పుర్రెను తన కాళ్ళ దగ్గరికి లాక్కుని ఇసుక కప్పేసింది.

వచ్చింది అడెరీతో. నెత్తిన గడ్డిటోపీ, భుజాన తువ్వాలు తప్ప ఒంటి మీద నూలుపోగు లేదు. ఎండకి కమిలి ముడుచుకున్న ఆ ముసలి ఒళ్ళు ఉప్పుచేపలా ఉంది. ఈ తీరానికి తానే పెద్దనంటూ కొత్తవాళ్ళకి మర్యాదలు నేర్పుతుంటాడు.

"ఏంటే జుల్మీరా, గౌను విప్పలేదు? ఇదేమన్నా చర్చి అనుకున్నావా?" పళ్ళికిలించాడు.

"చెల్లికి ఒంట్లో బాలేదయ్యా."

"బాలేకపోవడమేంటి? ఇప్పుడే దారిలో పడుతోంది. చూడు..."

ఈల వేశాడు. ఇడాలినా నాలుగు కాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి అతని పాదాలు నాకింది!

జుల్మీరా చెల్లెలి భుజం పట్టి వెనక్కి లాగింది. "ఇది నీ పనా?"

"ఎవరి పనైతేనేం? పాదిరీ పేరు పెట్టి పిలిస్తే పోతుందా? ఆ శక్తికి పేర్లు తెలీవు. తన మీద పడుకున్న ఒళ్ళు తెలుసు, అంతే. పొద్దుగూకేలోగా ఇది నా గుడిసెకి తనంతట తనే వస్తుంది. అడ్డొచ్చావో... నీ గతీ ఇంతే!"

మీద పడుకున్న ఒళ్ళు! జుల్మీరా చూపు తన కాళ్ళ దగ్గర పుర్రెను కప్పిన ఇసుక మీదికి పోయింది.

ఈ తీరంలో ఎవరి తువ్వాలు వాళ్ళదే. పరాయి తువ్వాలు వేలితోనైనా ముట్టరు. ఒక ఆడది తన తువ్వాలు మగవాడికి పరిచిందంటే అతనితో పడక పంచుకోవడానికి ఒప్పుకున్నట్టే!

ఆమె తన నీలం తువ్వాలు దులిపి కాళ్ళ ముందు పరిచింది. గౌను పై బొత్తాం మీద వేళ్ళు ఉంచింది.

"కూర్చో. దాన్నొదిలెయ్. దాని బదులు నేనున్నా."

అడెరీతో కళ్ళు చిట్లించాడు. తువ్వాలు వంక చూశాడు. గౌను బొత్తాం మీద ఆమె వేళ్ళు చూశాడు. గర్వంతో ఛాతీ పొంగింది.

"ఇన్నాళ్ళూ ఏం బెట్టు చేశావే! నీ తువ్వాలే పరిచావంటే..."

చతికిలబడ్డాడు.

టక్! తువ్వాలు కింద పుర్రె పళ్ళు మూసుకున్నాయి!

మబ్బు తునకైనా లేని ఆకాశం ఫెళ్ళున ఉరిమింది. అడెరీతో లేవబోయాడు... లేవలేకపోయాడు! తొడల మీద చేపగుడ్లలాంటి బొబ్బలు లేచి, పిగిలి, పురుగులు బొలబొలా రాలాయి. ఏ శక్తిని పెంపుడు కుక్క అనుకున్నాడో అది యజమాని ఒంటిని రుచి మరిగింది! అతని చేతులు ఇసుకను గుప్పిళ్ళతో తీసి అతని నోట్లోనే కుక్కసాగాయి...

"అక్కా... దాహం..." ఇడాలినా సొంత గొంతు! జుల్మీరా ఆమెను ఒళ్ళోకి లాక్కుంది.

"లాగెయ్! తువ్వాలు లాగెయ్యవే తల్లీ!" అడెరీతో గింజుకున్నాడు.

"ఎవరు పాతారో ముందు చెప్పు."

అడెరీతో ఇసుకా, నెత్తురూ కక్కాడు.

"నేనే... పిల్లి గొంతు నేనే కోశాను. నీ చెల్లెలి దువ్వెన నేనే దొంగిలించాను. అందరి ముందూ పకపకా నవ్విందే! ఇక్కడ ఒళ్ళు చూసి ఎవరూ నవ్వరు, జుల్మీరా... అది నన్ను చూసి నవ్వింది!"