ఓఫా చేతికర్ర

సముద్రం ఒడ్డునున్న మా పోర్ట్ కెంబ్లాలో చలికాలం సాయంత్రం తొందరగానే చీకటి పడుతుంది. మా క్లాసు మొదలయ్యేసరికే కిటికీ అవతల ఉక్కు ఫ్యాక్టరీ దీపాలు తప్ప ఏమీ కనిపించవు. లోపల ట్యూబులైట్ల వెలుగు, మెషిన్లని చల్లబరిచే కూలెంట్ వాసన, మూల ఓవెన్‌లో ఎవరిదో మాంసం కూరిన రొట్టె వేడెక్కుతున్న వాసన.

బేకరీ మూతపడ్డాక నేను ఆ శిక్షణ కేంద్రంలో మెషిన్ పని నేర్చుకోవడానికి చేరాను. అప్పటికే నలభై దాటాను. మిగతావాళ్లంతా నా కూతురి ఈడు వాళ్లు. నాకు జోడీగా ఇసిలేలి దొరికాడు. టోంగా దీవుల వాళ్ల అబ్బాయి, తలుపు నిండా ఉండే మనిషి. అందరూ ఇసి అనేవాళ్లు. మొదటిరోజే నన్ను ఆంటీ అన్నాడు. కొలత తీసే మైక్రోమీటర్‌తో నేను తంటాలు పడుతుంటే పక్కకొచ్చి, "అది రొట్టెపిండి కాదు ఆంటీ, అంత పిసక్కు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత భయం పోయింది.

కంప్యూటర్‌తో నడుస్తూ లోహాన్ని చెక్కే మిల్లింగ్ మెషిన్ అంటే వాడికి ప్రాణం. బటన్ నొక్కే ముందు దాని అద్దం తలుపు మీద వేలి కణుపుతో టకటకా కొట్టేవాడు. "లే అన్నా, పనుంది" అనేవాడు.

కోర్సు చివర్లో ఎవరికి నచ్చిన వస్తువు వాళ్లు చేసి చూపించాలి. ఇసి వాళ్లమ్మ ఓఫా వృద్ధుల ఆశ్రమంలో నేలలు తుడిచి తుడిచి మోకాళ్లు పోగొట్టుకుంది. కర్ర సాయం లేకుండా నడవలేదు. ఆ కర్రకి ఇత్తడి పిడి చేస్తానన్నాడు. మెత్తటి బంకమట్టిని ఆమె చేత పట్టించి, ఆ పట్టు అచ్చును అంగుళం అంగుళం కొలిచి ప్రోగ్రాం రాసుకున్నాడు. ఆమె ఒక్కో వేలికి ఒక్కో గాడి. ఇంకెవరు పట్టుకున్నా కుదరదని గొప్పగా చెప్పుకున్నాడు.

శుక్రవారానికి ఇత్తడి దిమ్మ ముతకగా చెక్కడం అయింది. నునుపు పని మిగిలింది. దిమ్మను మెషిన్‌లో బిగించే ఉంచి ఇంటికెళ్లాడు. శనివారం తెల్లవారుతుండగా చేపలకని కొండ కింద సముద్రపు రాళ్ల మీదికి వెళ్లాడు. అల వచ్చింది.

హెలికాప్టర్‌తో వెతికారు, పడవలతో వెతికారు. దొరకలేదు. శవపేటిక లేకుండానే చర్చిలో పాటలు పాడారు. ఆ పాటల్లో ఓఫా గొంతు కలవలేదు. అయిపోయాక నా పక్కన కూర్చుని, "నీళ్లు చల్లగా ఉంటాయి కదా లూబా. వాడి చేతులెలా ఉన్నాయో" అంది. తన కర్రకి వాడు ఏదో చేస్తూ వదిలేశాడట, పూర్తి చేసి పెడతావా అని అడిగింది.

మా గార్త్ మాస్టారు ఆ మెషిన్ మీద దుప్పటి కప్పేసి ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. నేను అడిగినప్పుడు చాలాసేపు ఆలోచించారు. చివరికి ఆయనే దుప్పటి తీసి, చెక్కే టూల్ సరిచూసి, ఇసి రాసిన ప్రోగ్రాం తెరిచిచ్చారు. నువ్వే నడుపు, నావల్ల కాదు అని పక్క గదిలోకి వెళ్లి కూర్చున్నారు.

బటన్ నొక్కాను. మెషిన్ లేచింది. పాలలాంటి కూలెంట్ అద్దం మీద కారుతోంది. లోపల టూల్ ఇత్తడిని సన్నగా గీరుతున్న చప్పుడు. అంతా సవ్యంగానే ఉంది. స్క్రీన్ మీద వాడు రాసిన వరసలు ఒక్కొక్కటే పైకి జరిగిపోతున్నాయి.

ముందు వాసన మారింది. కూలెంట్ నూనె వాసన తగ్గి, ఎండకి మగ్గిన నాచు వాసన వచ్చింది. ఉప్పు వాసన. ఎవరైనా బయటి తలుపు తీశారేమోనని చూశాను. వేసే ఉంది.

ఆఖరి వరస అయిపోయింది. ప్రోగ్రాం ముగిసిందని స్క్రీన్ చెప్పింది.

టూల్ ఆగలేదు.

వాడు రాయని దారిలో వెళుతోంది. కిందికి దిగి, పక్కకి వంగి, మళ్లీ దిగి... ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టాను. మోటారు ఆగింది. లోపలి దీపం ఆరిపోయింది. అది ఆరేలోపే టూల్ తిరగడం ఆగిపోయింది. నా కళ్లతో చూశాను.

గీరుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.

చీకట్లో, అద్దం వెనక, ఇత్తడి మీద... నెమ్మదిగా, ఓపిగ్గా...

మాస్టారిని పిలుద్దామని వెనక్కి తిరిగాను. అప్పుడు అద్దం మీద టకటకా కొట్టిన చప్పుడు. లోపలి నుంచి.

భయం వేసింది. అంతకన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది. తలుపుకి నుదురు ఆనించాను. అద్దం మంచులా ఉంది.

"ఇసీ..." అన్నాను. "చలిగా ఉందా నాన్నా?"

గీరుడు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ మొదలైంది. ఈసారి తొందర తొందరగా. పని అయ్యేలోపు ఎవరో వచ్చి లాక్కుపోతారన్నట్టు.

"చాలు. అమ్మకి సరిపోతుంది. చాలు నాన్నా."

చప్పుడు ఆగిపోయింది.

పక్క గదిలోంచి మాస్టారు పరిగెత్తుకొచ్చారు. ఇద్దరం కలిసి తలుపు తీశాం. లోపలెవరూ లేరు. పిడి మెరుస్తోంది. దాని మీది తడిని వేలితో తుడిచి ఆయన నాలుకకి తగిలించుకున్నారు. "ఉప్పు" అని ఉమ్మేశారు.

ఓఫా వేళ్ల గాడులు వాడు కొలిచినట్టే ఉన్నాయి. కానీ వాటి మధ్యలో ఇంకో వరస గాడులు పడ్డాయి. వెడల్పుగా, లోతుగా. మాస్టారు వాటిలో తన వేళ్లు పెట్టి చూశారు. వదులుగా ఉన్నాయి. అంత పెద్ద చెయ్యి ఆ వర్క్‌షాపులో ఒక్కడికే ఉండేది. ఆయన స్టూలు మీద కూలబడి మొహం కప్పుకున్నారు.

ఆ పిడిని ఇవ్వాలా వద్దా అని ఇద్దరం చాలా తర్జనభర్జన పడ్డాం. ఇవ్వకుండా ఉండలేకపోయాం. ఓఫా దాన్ని పట్టుకుని, ఆ రెండో వరసని బొటనవేలితో తడిమి, చర్చిలో రాని ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.

మొన్న ఆదివారం చూడ్డానికి వెళ్లాను. చికెన్ వండింది, చేమదుంపలు ఉడికించింది. వడ్డిస్తున్నంతసేపూ ఎడమచేత్తోనే అన్నీ చేసింది. కుడిచెయ్యి కర్ర మీంచి తియ్యలేదు. నిద్రలో కూడా వదలదట.

కాసేపు పెట్టెయ్యొచ్చు కదా అన్నాను.

"నేను పట్టుకుంటే కదా లూబా పెట్టెయ్యడానికి" అంది మామూలుగా. "రోజురోజుకీ వాడి పట్టు బిగుస్తోంది. వదలమని వాడికి నేనెలా చెప్పను?"

ఆమె చెయ్యి వెనకవైపు, ఇత్తడి తగలని చోట, నాలుగు వేళ్లు గట్టిగా నొక్కినట్టు తెల్లటి చారలున్నాయి. చొక్కా చెయ్యి కొంచెం పైకి జరిపి చూశాను. అవే చారలు మణికట్టు మీదా ఉన్నాయి. మోచేతి దగ్గర ఇంకా తాజాగా ఉన్నాయి.