మూయని ర

హార్డ్ డిస్క్ పోయింది. తాళం మాత్రం పగల్లేదు.

సీతమ్మధారలోని ఆ చిన్న డిజైన్ స్టూడియోలో ఎస్సై జ్యోతిర్మయి గుమ్మానికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉంది. కూర్చుని ఆలోచించడం ఆమెకు చేతకాదు. కాలు ఆగితే బుర్ర కూడా ఆగుతుందని ఆమె నమ్మకం.

"డిస్క్‌లో ఏముంది?"

"ఫాంట్, మేడం. ఏడాది కష్టం." అంది స్టూడియో నడిపే అలేఖ్య.

పెళ్లికార్డు నుంచి ఫ్లెక్సీ దాకా ఊరంతా అవే నాలుగు ఫాంట్లు. చూసి చూసి విసుగెత్తి, అలేఖ్య కొత్త అక్షరాల కోసం లారీల వెనకా పాత కొట్ల ముందూ తిరిగింది. చివరికి ఫిషింగ్ హార్బర్‌లో దొరికాయి. బోట్లకు పేర్లు రాసే సింహాద్రి చేతిరాత అది. నిండు కడుపులతో, అల మీద ఊగుతున్నట్టుండే అక్షరాలు. ఆయన చేత ఒక చెక్క మీద అక్షరమాలంతా రాయించుకుంది. ఆ తర్వాత కొన్ని నెలలకే ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇక ఆ చేతిరాత కొత్తగా పుట్టదు.

ఒక మ్యూజియం తన బోర్డులన్నింటికీ ఫాంట్ కావాలంది. ఈరోజు సాయంత్రం నాలుగింటికి నిర్ణయం. పొద్దున్నే వాళ్ల నుంచి ఫోన్. అలేఖ్య ముందు నమూనాగా చూపిన అక్షరాలే జయంత్ అనే అతను నిన్న పంపాడట. పోయిన వేసవి దాకా ఈ స్టూడియోలోనే పనిచేసిన జయంత్.

"నాలుగులోపు తేలకపోతే నేనే దొంగనవుతాను, మేడం. ఆయన రాత జయంత్ పేరున పోతుంది."

"బ్యాకప్?"

"పోయిందే బ్యాకప్. ల్యాప్‌టాప్ ముందే పాడైంది. గోడ మీద ప్రింట్లే మిగిలాయి."

"తాళంచెవి ఎక్కడ పెడతారు?"

"తులసి కుండీ కింద."

"ఎవరెవరికి తెలుసు?"

"నాకు. పార్ట్‌నర్ ఉమామహేష్‌కి. జయంత్‌కీ తెలుసు."

జ్యోతిర్మయికి ఒళ్లు మండింది. ఫైళ్లకేమో పాస్‌వర్డులు, గుమ్మానికేమో తులసి కుండీ!

ఉమామహేష్ మూల కుర్చీలో ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. అలేఖ్య మొదట అనుమానించింది అతణ్ణే. డిస్క్ పోయిన మొన్నటి నుంచీ బావమరిది పెళ్లికి తగరపువలసలో ఉన్నానన్నాడు. పెళ్లి వీడియోలో వడ్డిస్తూ కనబడ్డాడు కూడా.

జయంత్‌ను స్టేషన్‌కు పిలిపిస్తే నదురూ బెదురూ లేకుండా వచ్చాడు.

"ఈ అక్షరాలు ఎక్కడివి?"

"హార్బర్‌లో బోట్ల మీదవి, మేడం. ఫొటోలు తీసి గీసుకున్నా."

"ఫొటోలు చూపించు."

"ఫోన్ మార్చాను. పోయాయి." నవ్వాడు. "అందరికీ కనబడే రాత కదా మేడం. ఎవరైనా గీసుకోవచ్చు."

ఆ మాట కొట్టిపారేసేది కాదు. అదే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. గోడ మీది ప్రింటూ, మ్యూజియం వాళ్లు పంపిన జయంత్ ప్రింటూ పట్టుకుని హార్బర్‌కు బయల్దేరింది.

ఎండ మండిపోతోంది. జెట్టీ పొడవునా బోట్లు. ఆమె ఒక్కో పేరూ ప్రింటుతో పోల్చుకుంటూ నడిచింది. 'తార' దగ్గర ఆగింది. వెనక్కి నడిచింది. 'నూకరాజు' చూసింది. మళ్లీ 'తార' దగ్గరికి వచ్చి వంగి, ర అక్షరం అడుగున వేలితో రుద్దింది.

ప్రింట్లలో ఖాళీ ఉన్నచోట, బోటు మీద బెత్తెడు మేర రంగు వేరు. తర్వాత వేసిన రంగు.

సింహాద్రి వలల షెడ్డులో నులకమంచం మీద ఉన్నాడు. పక్కనే గోడకు ఆనించి ఆ అక్షరాల చెక్క.

"బోట్ల మీది ర అడుగు తర్వాత మూశావా, తాతా?"

"కొత్త పడవకి పేరు రాసినపుడు ఒక గుండ్రటి అచ్చరం మూయనమ్మా. మొదటిసారి సేపల ఏటకెల్లి తిరిగొచ్చినాకే మూత్తాను. పని మిగిలుంటే పడవ తిరిగొత్తాదని మా అయ్య అనీవోడు."

"మరి ఈ చెక్క మీది ర మూయలేదేం?"

"అదేటి, సెక్క ఏటకెల్తాదేటి? సెయ్యి అలవాటుకొద్దీ వొదిలీసింది." ఆయన పడిపోయిన చేతిని ఎడంచేత్తో ఒళ్లోకి తీసుకున్నాడు. "సెయ్యెలాగూ పోయింది. రాతైనా నా పేరున ఉండాల గదమ్మా."

మూడింటికి జ్యోతిర్మయి అందరినీ జెట్టీ మీదకు రప్పించింది.

"జయంత్, ఏ బోట్లకు ఫొటోలు తీశావు?"

"ఇవే, మేడం. ఇక్కడ కట్టేసి ఉన్నవి."

"ఒడ్డున కొత్తగా కడుతున్నవి?"

"లేదు. అన్నీ నీళ్లలో ఉన్నవే."

"ఎప్పుడు తీశావు?"

"పోయిన నెల."

ఆమె రెండు ప్రింట్లూ పక్కపక్కన పట్టుకుంది. "అలేఖ్య ర అడుగున ఖాళీ ఉంది. నీ ర అడుగునా అదే ఖాళీ. ఇక్కడ ఏ బోటు మీదైనా చూపించు. ఒక్కటి చాలు."

జయంత్ నడిచాడు. మొదటి బోటు దగ్గర వేగంగానే ఉన్నాడు. జెట్టీ సగానికొచ్చేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"దొరకదు. వేటకెళ్లి వచ్చిన ప్రతి పడవకీ సింహాద్రి ఆ ఖాళీ మూసేశాడు. పోయిన నెలంటున్నావు, అప్పటికే ఆయన చెయ్యి పడిపోయింది, ఆ తర్వాత కొత్త పడవకు పేరు రాసిందే లేదు. మూయని ర ఆ చెక్క మీదే ఉంది. అక్కణ్ణుంచి అలేఖ్య డిస్క్‌లోకి వచ్చింది. మరి నీ దగ్గరికి ఎలా వచ్చింది?"

జయంత్ చూపు ఒడ్డున నిలిపిన తన స్కూటర్ వైపు పోయింది. కానిస్టేబుల్ అతని స్కూటర్ డిక్కీ తెరిచాడు. రెయిన్‌కోటు కింద హార్డ్ డిస్క్.

అలేఖ్య ముఖం పాలిపోయింది. "ఆ ఖాళీ ఆయన స్టైల్ అనుకున్నాను, మేడం. అడగనైనా అడగలేదు."

"ఆ పొరపాటే నిన్ను గట్టెక్కించింది."

అలేఖ్య ఉమామహేష్ వైపు తిరిగింది. "సారీ, ఉమా."

"ముందు మ్యూజియం వాళ్లకి ప్రింట్లు ఫొటో తీసి పంపు," అన్నాడతను, ఇంకా ముభావంగానే.

పంపింది. జ్యోతిర్మయి కూడా వాళ్లతో మాట్లాడింది. నాలుగు కాకముందే అలేఖ్య ఫోన్ మోగింది. విని, పరుగున షెడ్డులోకి వెళ్లింది.

"ఏటంతన్నారమ్మా?" సింహాద్రి అడిగాడు.

"మీ అక్షరాలే కావాలట, తాతా. ఫాంట్ పేరు కూడా సింహాద్రి అనే."

ఆయన కళ్లు తడిశాయి.

"అయితే నా అచ్చరాలూ ఏటకెల్లొచ్చీసినాయన్నమాట. ఆ బ్రస్సు ఇటియ్యి."

చెక్కను మోకాళ్ల మీదకు లాక్కుని, ఎడంచేత్తో ర అడుగు మూశాడు. గీత వంకరపోయి గీటు దాటింది.

"ఫాంట్‌లోనూ ఇలాగే మూస్తాను," అంది అలేఖ్య. "ఈ వంకరతోనే."

గుమ్మంలో నిలబడి చూస్తున్న జ్యోతిర్మయి, బోర్లించిన చేపల ట్రే ఒకటి ముందుకు లాక్కుని, పొద్దుట్నుంచి మొదటిసారి కూర్చుంది.